రాసినాయనకు తెలుగు రాదు

పోయిన నెల కరీంనగర్‌లో నాకు సన్మానం చేశారు. నా ఈడు రచయితలకు ఇక మిగిలినవి రెండు రకాల సభలే. ఒకటి సన్మానం, రెండోది సంతాపం. మొదటిదానికి మనమే హాజరై టీ తాగవచ్చు కాబట్టి అది కాస్త నయం. శాలువా కప్పారు, పూలదండ వేశారు, సన్మానపత్రం చదవడానికి ఒక కాలేజీ అమ్మాయిని నిలబెట్టారు. ‘సాహిత్యంలోనూ సమాజంలోనూ మానవ స్వభావాన్ని నిగ్గుదేల్చిన విమర్శకురాలు, నిజాయితీకి నిలువుటద్దం, నిర్భీతికి మారుపేరు’ అని ఆ పిల్ల చదువుతుంటే నాకు నవ్వు ఆగలేదు. ముందు వరుసలోని పెద్దలు దాన్ని వినయం అనుకొని మరింత గట్టిగా చప్పట్లు కొట్టారు. నాకు నవ్వొచ్చింది వినయంతో కాదు. ఆ విశేషణాలన్నీ మా ఇంటివి. మంథనిలో మా బాపు నోటుబుక్కులో, అదే వరుసలో, నేను పెళ్లి కాకముందు చూసినవి.

బాపు, అంటే మా నాన్న, హైస్కూల్లో తెలుగు పండితుడు. ఊరంతా ఆయన్ని పండిత్ సాబు అనేది. తమాషా ఏమిటంటే నిజాం రోజుల్లో ఆయన చదువంతా ఉర్దూలోనే సాగింది. తెలుగు తర్వాత సొంతంగా కష్టపడి నేర్చుకున్నాడు, ఆ కష్టానికి తగినంత గర్వం కూడా పెంచుకున్నాడు. అయినా అంగడి చిట్టీ రాయాలంటే చెయ్యి కుడి నుంచి ఎడమకే పోయేది. పొద్దున్నే మా అమ్మ, మేం అవ్వ అంటాం, వాకిలి ఊడ్చి, గడప పక్కన గోలెంలో నీళ్లు నింపి, చెంబు బోర్లించి పెట్టేది. వచ్చినవాళ్లు అక్కడ కాళ్లు కడుక్కొని లోపలికి రావాలి. బాపు అరుగు మీద కూర్చొని సాసర్‌లో టీ పోసుకొని ఊదుకుంటూ, సిరా బిళ్లలు నీళ్లలో కరిగించేవాడు. లోపల గంజులో సర్వపిండి కాలుతున్న వాసన, బయట తడి మట్టి వాసన, మధ్యలో ఆ సిరా వాసన. ఆ వాసనల్లోనే మా ఊళ్లోని మహాపురుషులందరూ తయారయ్యేవారు.

తయారయ్యేవారు అని ఎందుకంటున్నానంటే, మా తాలూకాలో ఎవరు రిటైరైనా, ఎవరికి బదిలీ అయినా, ఎవరు గెలిచినా, ఎవరు చచ్చినా పత్రం రాసేది బాపే. ఆయన దగ్గర రెండు పొడుగాటి నోటుబుక్కులు ఉండేవి. ఒకటి బతికున్నవాళ్లది, ఒకటి పోయినవాళ్లది. రెండింటిలోనూ మొదటి పేజీ ఇంచుమించు ఒకటే. నిజాయితీకి నిలువుటద్దం, నిర్భీతికి మారుపేరు, దానశీలి, పేదల పెన్నిధి, నిగర్వి, నిస్వార్థపరుడు. రెండో పేజీలోనే తేడా. ఒకరు నూరేళ్లు ఉండాలని, ఇంకొకరు లేకపోవడం తీరని లోటని. లంచాల తహసీల్దారుకూ, నెలకోసారి బడి మొహం చూసే హెడ్మాస్టరుకూ అవే మాటలు. నేనొకసారి ఉండబట్టలేక అడిగాను, ఆయన నిగర్వి అని ఎట్ల రాస్తవు బాపూ అని. బాపు నొచ్చుకోలేదు. “మనిషిల ఉన్న గుణం రాస్తే ఒక్క లైనుకే అయిపోతది బిడ్డా. ఉండవలసిన గుణం రాస్తే పేజీ నిండుతది. సభకు పేజీ గావాలె,” అన్నాడు.

ఇదే బాపు క్లాసులో మాటకోసం రాజ్యాలు వదులుకున్న రాజుల పద్యాలు చెప్పేటప్పుడు నిజంగా ఏడ్చేవాడు. నటన కాదు. కళ్లజోడు తీసి ధోవతి కొంగుతో తుడుచుకొని మళ్లీ పద్యం అందుకునేవాడు. అరవై తొమ్మిది తెలంగాణ గొడవల్లో బళ్లు మూతపడి, చదువు ఒక ఏడాది వెనకబడ్డ మా తరానికి ఆ పద్యాలు బాగా తలకెక్కాయి. సత్యం చెప్పడం అంత కష్టమైన పని అయితే తప్ప దానిమీద అన్ని పద్యాలు రావన్న సంగతి మాత్రం నాకు అప్పుడు తట్టలేదు.

అవ్వకు చదువు రాదు. కానీ మనుషుల్ని చూడటంలో ఆమె లెక్క ఆమెకు ఒకటుండేది. వచ్చినవాడు గోలెంలో నీళ్లు ఎన్ని ముంచుకున్నాడు, తాగిన చెంబు ఎక్కడ పెట్టాడు, వడ్డించే చేతివైపు ఒక్కసారైనా చూశాడా, ఇవే ఆమెకు కావలసినవి. పంచాయతీ సమితి ప్రెసిడెంటు మాధవరావు గారు మా ఇంట్లో భోజనం చేసిన రోజు అవ్వ ఆయన తీర్పు అక్కడికక్కడే ఇచ్చేసింది. మాధవరావు గారు దొరల కుటుంబం మనిషి, పైగా కవి. కూలీల మీద, బండ్లు లాగేవాళ్ల మీద, కాలే కడుపుల మీద కవిత్వం రాసేవారు. ఆయన పచ్చిపులుసు జుర్రుకుంటుంటే, జీపులో ఎండకు కూర్చున్న డ్రైవరు తిన్నాడా అని అవ్వ అడిగింది. వాడు తింటడు తియ్యి అన్నారాయన, విస్తరిలోంచి తల ఎత్తకుండానే. ఆయన పోయాక అవ్వ డ్రైవరు తినకుండా వెళ్లిన సంగతి బాపుకు చెప్పి, ఈయన రాసేది ఎవరిమీదో నాకు తెల్వదు గని చూసి రాసింది మాత్రం కాదు అని తేల్చింది. బాపు ఆమెకు సాహిత్యం తెలియదని నవ్వాడు. నేనూ నవ్వాను.

నేను అప్పటికి బి.ఏ. అయిపోయి, పండిత ట్రైనింగు పూర్తి చేసి, సమితి బళ్లలో టీచరు ఆర్డరు కోసం ఇంట్లో కూర్చున్నాను. ఆ ఆర్డరు ప్రెసిడెంటు గారి సంతకం కోసం కూర్చుంది. బాపుకు చూపు మందగిస్తుండటంతో పత్రాలు నేనే రాయడం మొదలుపెట్టాను. నోటుబుక్కులు ముందు పెట్టుకొని, పేరు మార్చి, ఒక సమాసం అక్కడా ఒక సమాసం ఇక్కడా తగిలించి రాసేదాన్ని. బాపు పైపైన చూసి భేష్ అనేవాడు. ఇరవై మూడేళ్ల వయసులో ఊరి పెద్దలందరి గుణగణాలు నా కలంలోంచే వస్తున్నాయని నాకు పట్టరాని గర్వం.

నేను కాగితం మీద రాసిచ్చిందాన్ని అట్టమీద ఎక్కించేది ఖాజామియా. బస్టాండు దగ్గర చిన్న దుకాణం. ఊళ్లో సమితి ఆఫీసు బోర్డు నుంచి కిరాణా కొట్టు బోర్డు దాకా ఆయన చేతివే. ఆయన ‘శ’ రాస్తే దాని తోక కింద ఒక చిన్న మెలిక తిరిగేది, దాన్ని చూడగానే ఎవరు రాశారో ఊరికి తెలిసిపోయేది. సన్మానపత్రానికి మందపాటి అట్ట, చుట్టూ లతలు, పేరు మాత్రం బంగారు రంగులో, పైన అద్దం. ఆయనకు ఒక పద్ధతి ఉండేది. కుంచె ముట్టే ముందు రాయవలసిందంతా నిలబడి పైకి రెండుసార్లు చదివేవాడు. అర్థమైతేనే చెయ్యి కదులుతదని అనేవాడు. బాపుకూ ఆయనకూ మంచి స్నేహం. బాపు ఆయనకు చిట్టీ పంపితే ఉర్దూలో రాసేవాడు, ఖాజామియా జవాబు తెలుగులో వచ్చేది. నేను ఆయన్ని మామా అని పిలిచేదాన్ని.

ఆ ఏడాది మాధవరావు గారి షష్టిపూర్తి వచ్చింది. సన్మాన సభ పెట్టారు. అదే వారం రైసుమిల్లు యజమాని ఒకాయన కాలం చేశాడు. ఆయన సంతాప సభ ప్రెసిడెంటు గారి సన్మానం తర్వాత రెండు రోజులకు. బాపు పరీక్ష పేపర్లు దిద్దడానికి కరీంనగర్ వెళ్తూ రెండూ నన్నే రాసిపెట్టమన్నాడు. నేను ఒక మధ్యాహ్నం కూర్చొని రెండూ రాసేశాను. చెరి రెండు కాగితాలు. మొదటివి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి పెద్దగా చూసుకోలేదు. రెండో కాగితాలు అటుదిటు ఇటుదటు అయ్యాయి. ప్రెసిడెంటు గారి మొదటి కాగితంతో మిల్లాయన రెండో కాగితం గుచ్చి ఖాజామియాకు పంపాను.

మర్నాడు ఖాజామియా ఇంటికి వచ్చాడు. గోలెం దగ్గరే నిలబడి, కాళ్లు కడుక్కోకుండా, నా చేతిరాత కాగితాలు పట్టుకొని అడిగాడు.

“బిడ్డా, జర ఒక్క మాట. ప్రెసిడెంటు సాబు పానం బాగనే ఉన్నది గదా?”

నేను అరుగు మీద నవల చదువుకుంటున్నాను. బాగుండకేమైంది, నిన్ననే జీపులో పోయాడు అన్నాను. ఆఖరి పేరా జర చూడమన్నాడు, తనకు మనసున పడ్తలేదన్నాడు. కాగితం నా వైపు చాచాడు. నేను చెయ్యి చాచలేదు. నా సమాసాల్ని బోర్డులు రాసే మనిషి తప్పుపట్టడం నాకు ఒళ్లు మండించింది.

“రాసిచ్చింది రాయి మామా. అర్థంతోని నీకేం పని,” అన్నాను.

ఆయన నన్ను ఒక క్షణం చూశాడు. పండిత్ సాబు బిడ్డవు, నీకు తెల్వదా అని, కాగితాలు మడిచి జేబులో పెట్టుకొని వెళ్లిపోయాడు.

సభ సాయంత్రం నాలుగింటికి, హైస్కూలు ఆవరణలో, షామియానా కింద. బాపు కరీంనగర్ బస్సు దిగి నేరుగా సభకే వచ్చాడు. పత్రం అప్పుడే దుకాణం నుంచి పాత పేపరు చుట్టి తెచ్చారు. బాపు దాన్ని విప్పి, మైకు ముందు నిలబడి, కళ్లజోడు సర్దుకొని చదవడం మొదలుపెట్టాడు. బాపు గొంతు గంభీరమైనది, అర్థంతో పనిలేకుండా వినబుద్ధయ్యేది. ఆయన ఆగినచోటల్లా జనం చప్పట్లు కొట్టడం మా ఊరి అలవాటు. మాధవరావు గారు తన గుణాలు వింటూ కళ్లు మూసుకున్నారు. ‘వీరు మన మధ్య లేకపోవడం ఈ ప్రాంతానికి తీరని లోటు’ అని బాపు చదివి ఆగాడు. జనం చప్పట్లు కొట్టారు. ‘వీరి పవిత్రాత్మకు శాంతి కలగాలని’ అనేదాకా కూడా కొందరు కొడుతూనే ఉన్నారు. ఊరు మొత్తంలో ఆ పత్రాన్ని శ్రద్ధగా విన్నది దానిలో చచ్చిపోయిన మనిషి ఒక్కడే. మాధవరావు గారు కళ్లు తెరిచారు.

ఎవరు రాసిండ్రు గిది అని ప్రెసిడెంటు గారు మెల్లగానే అడిగారు, మైకు అందరికీ వినిపించింది. బాపు ఆడవాళ్ల వరుసలో కూర్చున్న నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. నా ఆర్డరు ఆయన సంతకం కింద ఉందని నాకు తెలుసు, బాపుకు తెలుసు. షామియానా గుంజ పక్కన ఖాజామియా తెల్ల చొక్కా వేసుకొని నిలబడి ఉన్నాడు. తను రాసిన పత్రం చదివే సభలకు ఆయన తప్పకుండా వచ్చేవాడు. ఆయన కుడిచెయ్యి జేబు మీదికి పోవడం నేను చూశాను. ఆ జేబులో నా చేతిరాత ఉంది.

బాపు మైకులో అన్నాడు, “మా కాగితం సరిగ్గనే ఉన్నది. రాసినాయనకు తెలుగు రాదు. సాయిబు గదా, ఏదో కలిపి రాసిండు.”

ఒక్కసారిగా అందరూ ఊపిరి పీల్చుకొని నవ్వారు. కారణం దొరికింది, అదీ సులభమైనది. చదువంతా ఉర్దూలో సాగిన మనిషి, పద్యం తప్పు లేకుండా చదివే మనిషిని పట్టుకొని తెలుగు రాదన్నాడు, ఊరు నమ్మింది. ఖాజామియా చెయ్యి జేబు మీది నుంచి కిందికి దిగింది. మాధవరావు గారు జవాబు ప్రసంగంలో, భాష రాని ఒక పేద శ్రామికుణ్ణి మనం క్షమించాలని చెప్పి, కష్టజీవి చేతుల మీద తాను రాసిన కవిత వినిపించారు. చప్పట్లు మళ్లీ మోగాయి. ఆ చేతులు గుంజ పక్కనే ఉన్నాయి. ఆయన అటు చూడలేదు.

ఇంటికొచ్చాక బాపు మిల్లాయన సంతాప పత్రం తీసి చూశాడు. పోయిన మనిషి నూరేళ్లు ఇలాగే ప్రజాసేవ చెయ్యాలని అందులో ఉంది. దాన్ని చింపి, తనే మళ్లీ రాశాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగితే బాగుండేది. నీ ఆర్డరు రానీ, తర్వాత నిజం నిదానంగ చెప్తం అన్నాడు చివరికి. అవ్వకు విషయం అర్థమవడానికి చదువు అవసరం రాలేదు. మర్నాడు గిన్నెనిండా బూరెలు పెట్టి ఖాజామియా ఇంటికి పంపింది. మా దిక్కు ఒక ఇంటి గిన్నె ఇంకో ఇంటికి పోతే దాన్ని వట్టిగా తిప్పి పంపరు. చిటికెడు చక్కెరో, నాలుగు చింతకాయలో వేస్తారు. ఖాజామియా భార్య గిన్నెను తళతళ తోమి పంపింది. లోపల ఏమీ లేదు. అవ్వ దాన్ని బాపు ముందు పెట్టి వంటింట్లోకి పోయింది.

ఇరవై రోజుల్లో నా ఆర్డరు వచ్చింది. ఆ తర్వాతా నిదానంగా చెప్పడం జరగలేదు. సమితి వాళ్లు బోర్డుల పని పెద్దపల్లి మనిషికి ఇచ్చారు. అతని అక్షరాలు వానకు తడిసిన పిట్టల్లా ఉండేవి, కానీ అతనికి తెలుగు వచ్చని ఊరి నమ్మకం. దుకాణాలవాళ్లూ ఒక్కొక్కరే మారిపోయారు. బతికినోళ్లను చంపే సాయిబు అని హోటల్లో హాస్యాలాడేవారు. ఆరు నెలలకు ఖాజామియా దుకాణం కట్టేసి, ఇంటిల్లిపాదినీ తీసుకొని ఊరు విడిచిపోయాడు. ఆయన వెళ్లిన సంగతి నాకు సమితి బళ్లో పిల్లలకు సత్యం మీద పద్యం చెప్పి వచ్చిన సాయంత్రం తెలిసింది. నాకు బాధ కలిగింది. బాధతో పాటు, ఇక ఆయన్ని బజారులో చూడనక్కర్లేదని తేలిక కూడా కలిగింది. ఆ తేలికకు నేను ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

పెళ్లయ్యాక ఆదిలాబాద్‌లో స్థిరపడ్డాం. మా ఆయన జిన్నింగు మిల్లులో మేనేజరు. సగం మరాఠీ మాట్లాడే ఇరుగుపొరుగు మధ్య, పత్తి దూది ఎగిరే వాకిట్లో కూర్చొని నేను విమర్శకురాలినయ్యాను. నవలల్లో పాత్రల స్వభావం మీద వ్యాసాలు రాశాను. ఫలానా నాయకుడు నిర్ణయాత్మక క్షణంలో పిరికివాడని, ఫలానా నాయిక తన మౌనంతో నేరంలో భాగస్వామి అయిందని, ఎవర్నీ వదల్లేదు. నాకు చాలా పేరొచ్చింది. కాగితం మీది మనుషుల్ని నిలదీస్తే ఎవరూ జేబులోంచి కాగితం తీయరు. అప్పటికీ ఇప్పటికీ తేడా చూస్తే పెద్దగా ఏమీ లేదు. అట్టకు బదులు ఫ్లెక్సీ వచ్చింది, బాపు నోటుబుక్కు కంప్యూటర్లోకి ఎక్కింది. నాయకుడు నోరు జారితే మాటలు వక్రీకరించారంటాడు, రచయిత దొరికిపోతే టైపు చేసినవాడి తప్పంటాడు. ఎప్పుడూ కిందివాడికే భాష రాదు.

తొంభైలలో ఒకసారి కాగజ్‌నగర్‌లో సాహిత్య సభకు పిలిచారు. రచయితకు ఉండవలసిన నైతిక ధైర్యం మీద నా ప్రసంగం. రైలు దిగి నడుస్తుంటే ఒక బట్టల దుకాణం బోర్డు మీద ‘శ’ కనిపించింది, తోక కింద మెలికతో. ఆ బోర్డు రాసినాయన ఎక్కడుంటాడని అడిగాను. దుకాణమాయన దారి చెప్పాడు. ఖాజామియా చిన్న రేకుల షెడ్డులో లారీ వెనక పలకకు రంగు వేస్తున్నాడు. గడ్డం తెల్లబడింది, కళ్లకు మందపు అద్దాలు. నన్ను గుర్తుపట్టి, స్టూలు తుడిచి వేశాడు, టీ తెప్పించాడు. బాపు పోయిన సంగతి ఆయనకు తెలుసు. నేను ఏడ్చాను. రెండో కాగితం మార్చింది నేనేనని, ఆ రోజు తల దించుకున్నది ఉద్యోగం కోసమని, ఇన్నేళ్లు నిద్రలో కూడా మర్చిపోలేదని చెప్పాను. ఇంత చెప్పాక ఆయన నన్ను ఓదారుస్తాడని నేను ఎదురుచూశానని కూడా ఒప్పుకోవాలి.

కాగితం ఎందుకు తీయలేదని అడిగాను. పండిత్ సాబు దోస్తు, ఆయన మైకుల ఉండగ ఆయన బిడ్డ మీద కాగితం తీస్తనా అన్నాడు. బాపు తర్వాతైనా నిజం చెప్తాడనుకున్నాడట. ఆరు నెలలు చూశాడట. కుంచె నూనెలో ముంచి గుడ్డతో నెమ్మదిగా తుడిచాడు.

“గిప్పుడు మీరొచ్చి ఇంట్ల చెప్తే నాకేమొస్తది మేడం. మైకుల అన్నరు. మైకుల చెప్పుండ్రి.”

బిడ్డా అని పిలిచిన మనిషి నన్ను మీరన్నాడు, మేడం అన్నాడు. తప్పకుండా చెప్తాను మామా, ఈ రోజే చెప్తాను, సభకు రా అన్నాను. ఆ క్షణాన నిజంగానే చెప్పాలనుకున్నాను.

ఆయన వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకొని, చివరి వరుసలో గోడ పక్క కుర్చీలో కూర్చున్నాడు. నేను ముప్పావుగంట మాట్లాడాను. బాగా మాట్లాడాను. పది నిమిషాలకోసారి, ఇప్పుడు చెప్పేస్తాను అనుకున్నాను. వేదిక మీద నా శిష్యులున్నారు, ముందు వరుసలో కలెక్టరు ఉన్నాడు, మధ్యలో ఈ మాట ఎక్కడ ఇమడ్చాలో తెలియలేదు. ఇమడ్చడానికి అదేమన్నా సమాసమా. ఆయన వందన సమర్పణ అయ్యేదాకా కూర్చున్నాడు, ఒకవేళ అప్పుడైనా లేస్తానేమోనని కాబోలు. తర్వాత కుర్చీ చప్పుడు కాకుండా జరిపి, లేచి, నా వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

రెండేళ్లకు ఆయన పోయాడని తెలిసింది. ఆ తర్వాత కూడా నాకు ఎన్నో మైకులు దొరికాయి. దేనిలోనూ చెప్పలేదు. ఖాజామియాకు తెలుగు వచ్చు. నాకంటే బాగా వచ్చు. ఆ రెండో కాగితం మార్చి ఇచ్చింది నేను. ఇది మైకు కాదని నాకు తెలుసు.